బంగారు పుట్టలో వేలు

తెలుగునాట అక్షరాభ్యాసానికి ముందే ప్రతి బిడ్డకూ అందే కథ ఒకటి ఉన్నది. అది ఏడు చేపల కథ. రాజుగారి కొడుకులు ఏడుగురు వేటకు వెళ్లి ఏడు చేపలు తెచ్చి ఎండబెడతారు. వాటిలో ఒక చేప ఎండదు. ఎందుకు ఎండలేదని అడిగితే అది గడ్డిమోపును చూపిస్తుంది. గడ్డిమోపు ఆవును, ఆవు పాలేరును, పాలేరు అవ్వను, అవ్వ ఏడ్చే పిల్లవాణ్ణి, పిల్లవాడు తనను కుట్టిన చీమను చూపిస్తారు. చివరకు చీమను నిలదీస్తే, తన బంగారు పుట్టలో వేలు పెట్టినవాణ్ణి కుట్టక మరేమి చేయాలని అది ఎదురు ప్రశ్న వేస్తుంది. కథ అక్కడితో ముగుస్తుంది. పిల్లలు నవ్వుకుంటారు, పెద్దలు దీపం తగ్గిస్తారు. ఈ కథను జోలపాటల సరసన కూర్చోబెట్టి, బిడ్డ బడికి వెళ్లగానే మరచిపోవడం మనకు పరిపాటి అయినది. కాని ప్రకృతి స్వభావాన్ని ఇంత సూటిగా, ఇంత తక్కువ మాటలలో చెప్పిన కథలు మన వాఙ్మయంలో అరుదని నా అభిప్రాయం.

ఈ కథ పట్టుకున్న సత్యం చాల చిన్నది, చాల గట్టిది. చేప ఎండకపోవడానికి కారణం చేప దగ్గర ఉండదు. కష్టం ఒకచోట కనిపిస్తుంది. దాని మూలం ఎక్కడో దూరాన, మన చూపు ఆనని చోట ఒక చీమ నోటి దగ్గర ఉంటుంది. ఇది పసిపిల్లల కోసం అల్లిన కల్పన మాత్రమే అనుకునేవారికి ఆఫ్రికా ఖండం నుండి వచ్చిన ఒక సంగతి చెప్పవలసి ఉన్నది. 2024 జనవరిలో ‘సైన్స్’ పత్రికలో కెన్యా దేశస్థుడైన డగ్లస్ కమారు, ఆయనతో కలిసి పనిచేసిన టాడ్ పామర్, జేకబ్ గోహీన్ మొదలైన శాస్త్రజ్ఞులు ఒక పరిశోధన ఫలితాన్ని ప్రకటించారు. సింహం ఏ జంతువును పట్టి తినాలన్న విషయాన్ని ఒక చీమ మార్చివేసిందన్నది ఆ పరిశోధన సారాంశం.

కెన్యా మధ్యభాగాన, భూమధ్యరేఖ పొంతనే, లైకీపియా అనే పీఠభూమి ఉన్నది. అక్కడి నేలలో చాలభాగం నల్లరేగడి. ఈ మాట దగ్గర మనం ఒక్క క్షణం ఆగవచ్చు. నల్లని ప్రత్తినేలకు భూగోళ గ్రంథాలలో ‘రేగర్’ అని పేరు ఉన్నది. అది మన రేగడియే. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాదు రైతుల పాదాలకు అంటుకునే నల్లమన్ను వంటిదే లైకీపియాలో ఏనుగుల కాళ్లకూ సింహాల కాళ్లకూ అంటుకుంటున్నది. వేసవిలో నోళ్లు తెరచి బీటలువారి, వానలో బంకగా ఉబ్బే ఆ నేలను అన్ని చెట్లూ తట్టుకొనలేవు. తట్టుకొని నిలిచినది ఒక తుమ్మజాతి. ఆ నల్లనేలలో నూటికి 70 నుండి 99 వరకు మ్రాకులు ఆ ఒక్క తుమ్మవే.

ఆ తుమ్మకు ఒక విశేషం ఉన్నది. దాని ముళ్లలో కొన్ని మొదట ఉబ్బి, లోపల డొల్లగా, గోళీకాయలవలె తయారవుతవి. చీమలు ఆ డొల్లలకు రంధ్రాలు చేసి లోపల కాపురం పెడతవి. గాలి వీచినప్పుడు ఆ రంధ్రాలు ఈల వేస్తవి. అందుచేత ఆంగ్లేయులు దానికి ఈలవేసే ముల్లని పేరు పెట్టారు. మనం ఈలతుమ్మ అనవచ్చు. గాలి సోకి మ్రోగే వెదుళ్లకు కీచకములని అమరకోశకారుడు పేరు చెప్పాడు. మన కవులు ఆ మ్రోతలో కిన్నెరుల గానం విన్నారు. లైకీపియాలో మ్రోగే తుమ్మకు మాత్రం ఆ పాట కట్టినది చీమ.

చెట్టు చీమలకు ఇల్లు ఇచ్చి ఊరుకొనదు. ఆకుతొడిమల దగ్గర తేనె వంటి ద్రవాన్ని స్రవించి భోజనం కూడా పెడుతుంది. అందుకు బదులుగా చీమలు చెట్టును కాపాడుతవి. ఏనుగు తొండం చాచి కొమ్మ పట్టుకోగానే వందలాది చీమలు బయటికి వచ్చి, తొండం లోపలికి సైతం దూరి, మెత్తని చర్మాన్ని కరచి పట్టుకుంటవి. తుమ్మచెట్లను పెళ్లగించగల గజరాజు ఆ బాధకు ఓర్వలేక ఆ చెట్టును విడిచి వేరొకదాని దగ్గరకు పోతుంది. పామును చలిచీమలు చంపగలవని మనకు చెప్పిన సుమతీ శతకకారుడు ఈ దృశ్యం చూచి ఉంటే ఎంత సంతోషించేవాడో గదా!

ఐతే ఆ తుమ్మల మీద చీమలన్నీ ఒక్క కుదురువి కావు. నాలుగు జాతుల చీమలు ఆ చెట్ల కోసం తరతరాలుగా పోరాడుతున్నవి. ఒకటి చెట్టును బాగా కాపాడుతుంది. ఒకటి తేనెతిత్తులను కొరికి పాడుచేస్తుంది. ఒకటి మొగ్గలను కత్తిరిస్తుంది. మరొకటి చెట్టును తొలిచే పురుగులు చేసిన బొరియలలో తలదాచుకుంటుంది. వాటి మధ్య శాంతి లేదు. కాని ఆ కలహానికి ఒక కట్టుబాటు ఉన్నది. పామర్ ప్రభృతులు 2008లో ప్రకటించిన ప్రయోగం ఈ కట్టుబాటు ఎంత సున్నితమైనదో చూపించింది. కొన్ని తుమ్మల చుట్టూ కంచె వేసి, ఏనుగులు, జిరాఫీలు వంటి పెద్ద జంతువులు వాటి జోలికి రాకుండా పదేళ్లపాటు ఉంచారు. తినేవారు లేకపోతే చెట్టు ఏపుగా పెరగాలి గదా అని ఎవరైనా అనుకుంటారు. జరిగినది వేరు. శత్రువు లేనప్పుడు కావలివానికి కూలి ఎందుకని చెట్టు తేనెను తగ్గించింది, ముళ్ల గదులను తగ్గించింది. మంచి కావలి చీమ బలహీనపడింది. దాని చోట పనికిమాలిన చీమ చేరింది. తొలిచే పురుగు వచ్చింది. కంచెలోని చెట్లే మందకొడిగా పెరిగి ఎక్కువగా చచ్చినవి. అడవిలో మిత్రునికే కాదు, శత్రువుకు కూడా ఒక పని ఉంటుందనడానికి ఇంతకన్న తార్కాణం వేరే అక్కరలేదు.

ఇట్టి సంసారంలోకి పెద్దతల చీమ వచ్చింది. దాని కూలీచీమలు చిన్నవే. సైనికచీమల తలలు మాత్రం దేహానికి మించిన పరిమాణంలో ఉంటవి. 1793లో మారిషస్ ద్వీపపు నమూనాలను బట్టి ఫాబ్రీషియస్ అనే శాస్త్రజ్ఞుడు దానికి నామకరణం చేశాడు. ఓడలలో, సరకులలో, మొక్కల వేళ్ల మట్టిలో దాగి అది ఉష్ణమండల మంతటా వ్యాపించింది. లైకీపియాకు చేరి సుమారు రెండు దశాబ్దాలు అయినది. అది నేలలో గూడు కట్టి, తుమ్మల మీదికి ప్రాకి, ముళ్ల గదులలోని చీమలను గ్రుడ్లతో, పిల్లలతో సహా చంపివేస్తుంది. అక్కడితో దాని పని సరి. చెట్టుకు కావలి కాయడం దానికి తెలియదు. ఏనుగు కొమ్మ విరిచినా అది తొండం జోలికి పోదు.

తరువాతి కథను పరిశోధకులు ఓల్ పెజెటా అనే సుమారు 90 వేల ఎకరాల సంరక్షణ క్షేత్రంలో జాగ్రత్తగా చదివారు. పెద్దతల చీమ వచ్చిన చోట్ల ఏనుగులు తుమ్మలను ఇతరచోట్లకంటె 5 నుండి 7 రెట్లు అధికంగా విరిచివేసినవి. చెట్లు పోగా నేల బయలైనది. చూపు ఆనే దూరం రెండున్నర రెట్లకు పైగా పెరిగింది. దూరపు పరుగులో సింహం జీబ్రాకు సాటిరాదు. పొదచాటున పొంచి ఉండి మీద పడటమే దాని విద్య. చాటు లేనప్పుడు జీబ్రా దూరం నుండే చూచి తప్పుకుంటుంది. పెద్దతల చీమ చేరని చోట్ల జీబ్రా సింహానికి చిక్కే అవకాశం చేరిన చోట్లకంటె దాదాపు మూడు రెట్లని తేలింది. 2003లో సింహాలు చంపిన జంతువులలో జీబ్రాలు నూటికి 67. 2020 నాటికి 42. అదే కాలంలో అడవిదున్నల వంతు సున్న నుండి 42కు పెరిగింది. జీబ్రా దొరకని సింహం కొమ్ములున్న దున్న మీదికి పోవలసి వచ్చింది.

ఇప్పుడు దీనిని మన కథ ఫక్కీలో ఒకసారి చెప్పి చూడండి. సింహమా, జీబ్రాను ఎందుకు పట్టలేదు? దాగడానికి చెట్టు లేదు. చెట్టూ, ఎందుకు లేకపోయావు? ఏనుగు విరిచింది. ఏనుగూ, ఎందుకు విరిచావు? కుట్టే చీమ లేదు. చీమా, ఎక్కడికి పోయావు? నన్ను పెద్దతల చీమ చంపింది. పెద్దతల చీమా, నీవు ఇక్కడికి ఎందుకు వచ్చావు? దానికి నోరు ఉంటే, ‘నేను రాలేదు, నన్ను తెచ్చారు’ అని చెబుతుంది. కథ చీమ దగ్గర ఆగదు. చీమను దాటి వేలి దగ్గరకు పోతుంది. ఏడు చేపల కథలో అడిగిన ప్రతి ఒక్కరూ తప్పును తరువాతివారి మీదికి నెట్టినవారే. చీమ ఒక్కటే మనిషి చేతిని చూపించింది.

లైకీపియాలో సింహాల సంఖ్య తగ్గలేదు గదా, ఇంత గగ్గోలు ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ప్రశ్న సబబైనదే. సింహాలు దున్నలవైపు మళ్లి ఇప్పటికి నిలద్రొక్కుకున్నవని ఆ పరిశోధకులే చెప్పారు. కాని ఒక ఇంట్లో బియ్యం తరిగినప్పుడు జొన్నలు తిని బ్రతికినంత మాత్రాన గాదెకు కన్నం పడలేదని అనలేము. ఏనుగు విరిచిన తుమ్మలు తిరిగి లేవలేదు. దున్నను పడగొట్టడం జీబ్రాను పడగొట్టడం వంటి పని కాదు. ఒక గొలుసులో లంకె తెగినప్పుడు బరువు ప్రక్క లంకెల మీద పడుతుంది. అవి ఎంతకాలం మోస్తవన్నది వేరే ప్రశ్న. కష్టం సర్దుకున్నదంటే కష్టం తీరిందని అర్థం కాదు.

స్వస్థలంలో ఒదిగి ఉండే చీమ పరదేశంలో ఎందుకు పేట్రేగిపోతుంది? ఇందులో దుర్మార్గం ఏమీ లేదు. పుట్టినచోట ప్రతి చీమకూ పగవారు ఉంటారు. దాని వ్యాధులు, దానిని తినే జంతువులు, దానితో సరిసమానంగా పోరాడే ఇతర చీమలు ఉంటవి. దక్షిణ అమెరికా నిప్పుచీమకు అక్కడ ఒక చిన్న ఈగ పగది. అది చీమ దేహంలో గ్రుడ్డు పెడితే, దాని పిల్ల చీమ తలలోనికి చేరి చివరకు ఆ తలనే ఊడగొడుతుంది. ఓడ ఎక్కి వచ్చిన చీమ వెంట ఈ పగవారు రాలేదు. అప్పు లిచ్చినవారిని ఊళ్లో వదలి పట్నం చేరిన మనిషివలె అది నిశ్చింతగా వృద్ధి అవుతుంది. ఇంకొక కారణం కూడా ఉన్నది. అర్జెంటీనా చీమ తన దేశంలో పొరుగు పుట్టల చీమలతో నిత్యం కయ్యమాడుతుంది. ఐరోపాలో ప్రవేశించిన ఆ జాతి పుట్టలు పరస్పరం పోరాడవు. ఇటలీ మొదలు స్పెయిను అట్లాంటిక్ తీరం దాకా సుమారు 6,000 కిలోమీటర్ల పొడవున అవి ఒకే కుటుంబంగా ఉన్నవని 2002లో ప్రకటించారు.

ఐకమత్యమే బలమని మనం చీమలను చూపించి పిల్లలకు నేర్పుతాము. ఆ పాఠం అబద్ధం కాదు. కాని అది సగం పాఠం. ఎదురులేని ఐకమత్యం ఏమి చేయగలదో ఈ చీమలు చూపిస్తున్నవి. కాలిఫోర్నియాలో అర్జెంటీనా చీమ దేశీయ చీమలను తరిమివేయగా, ఆ దేశీయ చీమలనే తిని బ్రతికే కొమ్ముల తొండకు ఆహారం కరువైనది. దక్షిణాఫ్రికాలో కొన్ని పొదల విత్తులను దేశీయ చీమలు నేలలోపలికి మోసుకుపోయి నిప్పు నుండి, ఎలుకల నుండి కాపాడేవి. క్రొత్త చీమ విత్తుపై ఉన్న రుచిగల భాగాన్ని తిని విత్తును పైననే వదలివేసింది. మొలకలు తగ్గిపోయినవి. బలం ఒక్కటే గుణం కాదు; ఆ బలం ఎవరికి ఊతమైనదన్న ప్రశ్న కూడా పాఠంలో ఉండవలె.

హిందూ మహాసముద్రంలో ఆస్ట్రేలియాకు చెందిన క్రిస్మస్ ద్వీపం మరొక ఉదాహరణ. అక్కడ కోట్ల కొలది ఎర్రపీతలు అడవి నేలపై రాలిన ఆకులను, మొలకలను తింటూ ఆ అడవిని ఊడ్చి ఉంచుతవి. పసుపుపచ్చని వెర్రిచీమ ఆ దీవికి 1915–1934 మధ్య చేరింది. నడకలో తీరుతెన్ను లేక అటూ ఇటూ పరుగెత్తుతుంది కనుక దానికి ఆ పేరు. దశాబ్దాల పాటు అది ఎవరికీ పట్టలేదు. 1989లో దాని మహాసమూహం ఒకటి కనిపించింది. చెట్ల రసం పీల్చే పొలుసు పురుగులు విసర్జించే తేనెబంక దానికి ఆహారం. అది ఆ పురుగులను కాపాడుతుంది, అవి దానిని పోషిస్తవి. చీమ చిమ్మిన ఆమ్లానికి కళ్లుపోయి కోటికి పైగా పీతలు చనిపోయినవి. పీతలు లేనిచోట మొలకలు దట్టంగా అల్లుకున్నవి. పీతలు అడ్డగించినంతకాలం అడవి చొరని ఆఫ్రికా పెద్దనత్త ఆ చీకటిలో ప్రవేశించింది. ఒక పరదేశి మరొక పరదేశికి తలుపు తీసింది.

ఇదంతా సముద్రాల ఆవలి సంగతి అనుకోనక్కరలేదు. తమిళనాడులో దిండిగల్ జిల్లా కరంతమలై అడవి అంచు గ్రామాలలో 2022లో ఈ వెర్రిచీమలే కుప్పలు తెప్పలుగా పెరిగి, పశువుల కళ్లకు హాని చేస్తున్నవని, మేతకు అడవికి పోలేకపోతున్నామని గ్రామస్థులు మొరపెట్టుకున్నట్టు పత్రికలు వ్రాసినవి. మనుషులు ఇండ్లు వదలి పోవలసిన పరిస్థితి కూడా కొందరికి వచ్చింది. ఈ జాతి పుట్టినిల్లు ఆసియాయా ఆఫ్రికాయా అన్నది శాస్త్రజ్ఞులలో నేటికీ వాదగ్రస్తమే. కనుక ‘మనది’, ‘పరాయిది’ అన్న గీత గీయడం చీమల విషయంలో కూడా అంత తేలిక కాదు.

ఈ సందర్భంలో భాషోపాధ్యాయులు జాగ్రత్త వహించవలసిన విషయం ఒకటి ఉన్నది. ‘దురాక్రమణ’, ‘దండయాత్ర’, ‘పరదేశి శత్రువు’ అన్న మాటలు ఈ శాస్త్రంలో విరివిగా వాడుకలో ఉన్నవి. వాటిని పిల్లల ముందు వాడేటప్పుడు మనం ఆలోచించాలి. మిరపకాయ, వేరుశనగ, టమాటా, పొగాకు అమెరికా ఖండం నుండి వచ్చినవే. మిరపకాయ లేని తెలుగు వంటిల్లును ఇప్పుడు ఊహించగలమా? పరదేశం నుండి రావడం ఒక్కటే తప్పైతే మన పచ్చడి జాడీ మొత్తం పారబోయవలసి వస్తుంది. పెద్దతల చీమకు పేరు పెట్టిన మారిషస్ ద్వీపానికే 19వ శతాబ్దంలో మన కోస్తా జిల్లాల నుండి తెలుగు కూలీలను ఓడలలో తీసుకుపోయారు. వారి సంతతి నేటికీ అక్కడ ఉగాది చేసుకుంటున్నది. చీమను చూపించి మనుషుల వలసను దుయ్యబట్టడం శాస్త్రమూ కాదు, సంస్కారమూ కాదు. చీమ విషయంలో అడగవలసినది ‘ఎక్కడిది’ అని కాదు. ‘వచ్చి ఏమి తెంచింది’ అని. ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘం ఎంపిక చేసిన నూరు చెరుపు జాతులలో చీమలు అయిదే. ప్రపంచంలో శాస్త్రనామాలు పొందిన చీమ జాతులు 14,000కు పైన. పరాయిచోటికి చేరిన చీమలన్నీ చెరుపుచేసేవి కావని దీనినిబట్టి గ్రహించవచ్చు.

మరి ఉపాయం ఏమిటి? విషం చల్లడం మొదట తోచే ఉపాయం. అమెరికా ప్రభుత్వం 1957లో నిప్పుచీమపై యుద్ధం ప్రకటించి, విమానాల ద్వారా డీల్డ్రిన్, హెప్టాక్లోర్ అనే మందులను విస్తారమైన భూములపై చల్లించింది. పక్షులు, పశువులు, చేపలు చచ్చినవి. రేచెల్ కార్సన్ 1962లో వెలువరించిన ‘సైలెంట్ స్ప్రింగ్’ గ్రంథంలో ఈ కార్యక్రమాన్ని తూర్పారబట్టింది. తరువాత వాడిన మైరెక్స్ అనే మందును కూడా 1970 దశకం చివర మానివేయవలసి వచ్చింది. నిప్పుచీమ మాత్రం పోలేదు. విషానికి దేశీయ చీమలు కూడా చచ్చినవి. ఖాళీ అయిన నేలను అందరికంటె ముందు తిరిగి ఆక్రమించినది నిప్పుచీమయే. దొంగను పట్టబోయి కావలివారినందరినీ చంపిన ఊరివలె అయినది అక్కడి పని. క్రొత్త చీమకు మొదటి అడ్డంకి ఆరోగ్యంగా ఉన్న దేశీయ చీమల బలగమే అన్న సంగతి అప్పుడు గాని బోధపడలేదు.

ఇంతకన్న మేలైన మార్గాలు రెండు ఉన్నవి. ఒకటి, మూలాన్ని కొట్టడం. క్రిస్మస్ ద్వీపంలో చీమను వదలి, దానిని పోషించే పొలుసు పురుగుపై 2016 డిసెంబరులో మలేసియా నుండి తెచ్చిన ఒక చిన్న కందిరీగను, ఇతర జీవులకు హాని చేయదని ఏళ్ల తరబడి పరీక్షించిన తరువాతనే, విడిచిపెట్టారు. రెండవది, అన్నిటికంటె చవకైనది, గుమ్మంలోనే ఆపడం. న్యూజిలాండులో 2001లో ఆక్లాండ్ విమానాశ్రయం దగ్గర నిప్పుచీమల పుట్ట ఒక్కటి కనిపిస్తే వెంటనే దానిని నిర్మూలించి ఆ చీమ నాటుకోకుండా చూచారు. మన దేశంలో 1914 నాటి చట్టం, 2003 నాటి మొక్కల తనిఖీ ఉత్తరువు ఉన్నవి. మొక్కల, మట్టి దిగుమతిపై కట్టుబాట్లు ఉన్నవి. కాని రేవులోని తనిఖీతో పని తీరదు. గోదావరి ఒడ్డున కడియం నర్సరీల మొక్కలు లారీలకెక్కి దేశం నలుమూలలకు పోతున్నవి. ఆ ప్రాంతం మనకు గర్వకారణం. ఏ తోట నుండి అయినా కుండీలోని పిడికెడు మట్టి మొక్కతోపాటు ప్రయాణం చేస్తుంది. ఆ మట్టిలో ఒక రాణిచీమ, కొన్ని కూలీచీమలు ఉంటే ఒక రాజ్యానికి చాలును. మొక్క అమ్మేవారు, కొనేవారు వేళ్ల మట్టిని ఒకసారి కదిలించి చూడటం అలవాటు చేసుకుంటే ఏ చట్టమూ చేయలేని మేలు జరుగుతుంది.

మనం కాపాడుకోవలసిన దేశీయ చీమలు ఏమి చేస్తున్నవో కూడా తెలియవలె. మన దేశంలో 800కు పైగా జాతుల, ఉపజాతుల చీమలు ఉన్నవి. అవి నేలను తవ్వి గుల్ల చేస్తవి, విత్తులను మోస్తవి, చచ్చిన పురుగులను ఎత్తివేసి నేలను శుభ్రపరుస్తవి. మన మామిడితోటలలో ఆకులను కలిపి కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమను ఎరుగనివారు ఉండరు. దాని పిల్లల నోటి నుండి వచ్చే పట్టుదారంతోనే అది ఆకులను అతుకుతుంది. అది కరుస్తుందని మనం తిట్టుకుంటాము. క్రీ.శ. 4వ శతాబ్దానికి చెందినదిగా చెప్పే చైనా గ్రంథంలో ఈ చీమ గూళ్లను సంతలో కొని తెచ్చి నారింజ చెట్లకు పురుగు పట్టకుండా కట్టేవారని ఉన్నది. మన పొరుగున ఒడిశాలోని మయూర్‌భంజ్ గిరిజనులు ఈ చీమతో చేసే పచ్చడికి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు లభించింది. గిరిజనుని నాలుక ఎరిగినంతగా మన పాఠ్యపుస్తకం ఆ చీమను ఎరుగదు.

ఇక మన వాఙ్మయం మాట. చీమను మనం నీతికి వాడుకున్నంతగా చూపుకు వాడుకొనలేదు. శివాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటాము. పిపీలికాది బ్రహ్మపర్యంతం అంటాము. చీమ పెట్టిన పుట్ట పాముకు ఇల్లైనదని శతకం చెబుతుంది. ఆ నీతి గొప్పదే. కాని పాము చేరే ఆ నిలువెత్తు పుట్టలు పెట్టేది చెదపురుగు. చెద చీమకు చుట్టం కూడా కాదు. వంశాన్ని బట్టి అది బొద్దింకకు దగ్గర. వాల్మీకి మీద లేచిన వల్మీకమూ చెదల పనియే. ఇంతమాత్రాన పద్యానికి వచ్చిన లోపం ఏమీ లేదు. కాని ఆ పద్యం చెప్పిన పూట ఉపాధ్యాయుడు ఈ రెండు వాక్యాలూ చేర్చి చెబితే పద్యమూ పురుగూ రెండూ పిల్లవానికి జీవితాంతం గుర్తుంటవి.

సాహిత్యం వేరు, కీటకశాస్త్రం వేరు, తెలుగు అయ్యవారికి చీమల గొడవ ఎందుకని కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పవచ్చు. నా మనవి ఒక్కటే. పేర్లను కాపాడటం భాషోపాధ్యాయుని పని. చలిచీమ, గండుచీమ, ఎర్రచీమ, నల్లచీమ, రెక్కలచీమ అని మన పెద్దలు చూచి, గుర్తుపట్టి, పేర్లు పెట్టారు. నేటి పట్టణపు విద్యార్థికి అన్నీ ‘చీమలే’. పేరు పోయినవాడు కనిపించకుండా పోయినా ఎవరూ వెతకరు. ఒక చలిచీమ స్థానంలో మరొక దేశపు చీమ వచ్చి కూర్చున్నా, రెంటినీ ఒకే మాటతో పిలిచేవానికి మార్పు జరిగినట్టే తెలియదు. నిఘంటువులోని మాట మరుగున పడటం, నేలమీది జీవి మరుగున పడటం వేరువేరు నష్టాలు కావు. మొదటిది జరిగితే రెండవదానిని గమనించే కన్ను ఉండదు.

ఆ కన్ను పిల్లలకు సహజంగానే ఉన్నది. 1942లో అమెరికాలోని మొబైల్ అనే రేవుపట్నంలో పదమూడేళ్ల బాలుడు ఒకడు తన ఇంటి ప్రక్క ఖాళీస్థలంలోని చీమలనన్నిటినీ లెక్కవేయ పూనుకున్నాడు. ఆ లెక్కలో అతనికి ఒక క్రొత్త చీమ కనిపించింది. అది నిప్పుచీమ, ఆ దేశంలో దాని ఉనికికి లభించిన తొలి ఆధారాలలో అది ఒకటి. ఆ బాలుడే తరువాత చీమల శాస్త్రానికి పెద్దదిక్కైన ఎడ్వర్డ్ విల్సన్. ఆయన 2021లో పరమపదించాడు. దేశమంతటికీ ముప్పు తేబోయే చీమను మొదట పట్టుకున్నవారిలో ఒకడు నిక్కరు తొడుక్కున్న బడిపిల్లవాడని మన విద్యార్థులు తెలుసుకోవలె.

మన పాఠశాలలలో ఇందుకు ప్రయోగశాల అక్కరలేదు. ఆవరణలో నాలుగుచోట్ల చిటికెడు బెల్లం, చిన్న ఎండుచేప ముక్క పెట్టి, ఏ చీమ ముందు వచ్చింది, ఎంతసేపటికి వచ్చింది, ఎవరిని ఎవరు తరిమివేశారు అని పిల్లల చేత వ్రాయించండి. వానకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి చేయించండి. కరిచే చీమను తాకవద్దని చెప్పండి. చంపవద్దని కూడా చెప్పండి. వారి ఊళ్లో, వారి అమ్మమ్మ నోట ఆ చీమకు ఉన్న పేరు అడిగి ప్రక్కన వ్రాయమనండి. పదేళ్లు ఇట్లా వ్రాసిన పుస్తకం ఏ ఊరి బడిలో ఉంటే, ఆ ఊరికి క్రొత్త చీమ వచ్చిన రోజు ఆ బడికి తెలుస్తుంది. తెలుగు పాఠానికి తెలుగు పాఠమూ అవుతుంది.

ఏడు చేపల కథను ఈసారి తరగతిలో చెప్పినప్పుడు, చీమ సమాధానంతో పిల్లలు నవ్విన తరువాత, ఒక్క ప్రశ్న అదనంగా వేయవలసిందిగా ఉపాధ్యాయ మిత్రులను కోరుతున్నాను. ‘నాయనా, ఆ పుట్టలో నీవు వేలు ఎందుకు పెట్టావు?’ ఈ ప్రశ్న కథలోని పిల్లవాణ్ణి ఎవరూ అడగలేదు. ఓడలు నడిపేవారిని, సరకులు దింపేవారిని, మొక్కలు కొనే మనలను కూడా ఇంతవరకు గట్టిగా అడిగినవారు తక్కువ.